ప్రమాదం ఎరుగని గడియారం

రెండు వేల మూడో సంవత్సరపు రక్షణ పక్షోత్సవాల సందర్భంగా కాలనీ క్లబ్బులో గడియారాల వెనుక మూతల ప్రదర్శన ఏర్పాటైనదనీ, ప్రజలు కుటుంబసమేతంగా విచ్చేసి విజ్ఞానం పొందగలరనీ బొగ్గుబావి రక్షణాధికారి త్రివిక్రమ్ గారు నోటీసు వేయించారు. గోదావరిఖని చుట్టుపక్కల ఇటువంటి మహత్కార్యం అదే మొదలు. గడియారానికి ముందువైపు ఏముంది, టైమే కదా, అది గోడ మీద కూడా దొరుకుతుంది. చరిత్రంతా వెనుక చెక్కి ఉంటుందని వారి సిద్ధాంతం.

అందుకే వారి అద్దాల పెట్టెలో గడియారాలన్నీ బోర్లా పడుకుని ఉండేవి. ఒకటి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నందుకు ఇచ్చినది. దాని మీద ఆపరేషన్ అయినవాడి పేరు కంటే చేసిన డాక్టరు పేరు పెద్దది. ఇంకొకటి పదేళ్లు ఒక్క సెలవూ పెట్టనందుకు. అందుకోవడానికి ఆయన రాలేకపోయాడు, భార్య వచ్చింది, కనుక ‘మరణానంతరం’ అని అదనంగా చెక్కించారు. ఇలాంటివి రెండు వందల పదకొండు పోగైనా సారు మనసు నిండలేదు. ‘ఇరవై అయిదేళ్లు ఒక్క ప్రమాదమూ లేకుండా’ అని చెక్కినది దొరకలేదు.

అది గట్టయ్య ఇంట్లో ఉంది.

గట్టయ్య సర్వీసు పదమూడో ఏట బావిలో పట్టాల మీద నడిచే రెండు బొగ్గు టబ్బుల మధ్య ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ నలిగి పోయాయి. పైవాళ్లు మంచివాళ్లు. ప్రమాదమని రాస్తే బావికి మచ్చ అని నచ్చజెప్పి, మూడు నెలలు పైన నీడలో కూర్చోబెట్టి, రోజూ హాజరు వేశారు. ఆ తర్వాత పన్నెండేళ్లకు గడియారం ఇచ్చారు. రోజూ కీ తిప్పవలసిన గడియారం. ఉన్న మూడు వేళ్లతో కీ తిరగదన్నది చిన్న విషయం. ఆ పని కోడలు యమున చేసేది, ఏడాది పిల్లవాడు రుత్విక్‌ను ఒళ్లో వేసుకుని.

యమునకు గడియారంతో పని లేదు. మెడికల్ బోర్డు మామను అన్‌ఫిట్ అంటే ఆ ఉద్యోగం ఆమె మొగుడు శివకు వస్తుంది. శివకు కూలి దొరికిన రోజు పిల్లవాడికి పాలు, దొరకని రోజు గంజి. కనుక గడియారం వెతుక్కుంటూ త్రివిక్రమ్ సారు గుమ్మంలోకి రాగానే కుర్చీ తుడిచి వేసింది.

“గడియారం తీస్కపోండ్రి సార్. మా మామ చెయ్యి గూడ జర చూడుండ్రి. బోర్డుల ఒక మాట చెప్పుండ్రి.”

సారు భూతద్దం తీశారు. గడియారాన్ని చూశారు.

“ఈ అక్షరాల లోతు చూడమ్మా! ఈ కాలంలో ఎవరు చెక్కుతారిలా?”

“నా చేతిల గూడ టబ్బు మంచిగనే లోతుకు దిగింది సార్,” అన్నాడు గట్టయ్య.

సారు ఆయన హాస్యప్రియత్వాన్ని మెచ్చుకుని, బోర్డుకు మాట చెబుతానని, గడియారం జేబులో వేసుకున్నారు.

ప్రదర్శన జయప్రదమైంది. “మిత్రులారా, ఈ గడియారం మాట్లాడుతోంది! క్రమశిక్షణ ఉన్నచోట ప్రమాదం అడుగు పెట్టదని చాటుతోంది!” అని సారు ఉపన్యసించారు. గట్టయ్యకు దండ వేశారు. అందరితోపాటు ఆయనా చప్పట్లు కొట్టాడు. చప్పుడు కాస్త తక్కువ వచ్చింది.

మరుసటి వారం బోర్డు. ముగ్గురు డాక్టర్లు ప్రమాదం రిపోర్టు అడిగారు.

“రాయొద్దన్నది మీవోళ్లేనాయె సార్,” అంది యమున.

పెద్ద డాక్టరు ప్రదర్శన పుస్తకం తెరిచాడు. రెండు వందల పన్నెండో వస్తువు, ప్రమాదం ఎరుగని కార్మికుడిది, కింద రక్షణాధికారి సంతకం. సారు చెబుతానన్న మాట అదే. బావిలో ప్రమాదం జరగలేదు కనుక వేళ్లు బావిలో పోలేదు; ఎక్కడ పోయాయో కుటుంబసభ్యులే వెతుక్కోవాలి. ఫిట్. సోమవారం నుంచి డ్యూటీకి దిగవలెను.

సారు దయగలవారు. శివ పేరు కాంట్రాక్టు పని జాబితాలో రాయించారు. బావి ఆ ఏడాదిని ప్రమాదం లేకుండా ముగిస్తేనే కొత్తవాళ్లను తీసుకుంటారు. ఇంకా పదకొండు రోజులున్నాయి.

తొమ్మిదో రోజు పక్క క్వార్టరు కొమురెల్లిని ఇద్దరు మనుషులు స్కూటరు మీద మధ్యన కూర్చోబెట్టుకుని తెచ్చారు. కాలికి చుట్టిన తువ్వాలు ఎర్రగా తడిసింది. ఆయన భార్య సారక్క పరుగున యమున దగ్గరికి వచ్చింది.

“బాయిల బండ వడ్డదట. నువ్వు ఆఫీసులు తిరిగినదానివి. దవాఖానల గట్లనే రాయించాల్నా, ఏంది? జల్ది చెప్పు యమునా!”

యమున ఒళ్లో పిల్లవాణ్ని సర్దుకుంది.

“రాయించకు సారక్క. ఇంట్ల రోకలి వడ్డదని చెప్పు. జర ఓర్సుకుంటే మంచి గడియారం ఇస్తరు.”

ఆ ఏడాది బావిలో ఒక్క ప్రమాదమూ జరగలేదు. వార్త పత్రికలో వచ్చింది. మీరూ చదివే ఉంటారు, సంతోషించే ఉంటారు.