తాత్కాలిక జలపిత

జీవమంతా నీటిలోంచే పుట్టిందని శాస్త్రం చెబుతుంది. మళ్లీ ఆ నీటిలోకి దిగాలంటే మాత్రం పదకొండు పేజీల దరఖాస్తు పెట్టుకోవాలని మా పేట ఈతకొలను కార్యాలయం చెబుతుంది. రెండింటిలో నేను కార్యాలయాన్నే ఎక్కువ గౌరవిస్తాను. శాస్త్రానికి రబ్బరు ముద్ర లేదు.

నాకు పెళ్లయి మూడు నెలలు. (ఎవరూ అడక్కపోయినా చెబుతుంటాను. మొన్న కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకు కూడా చెప్పాను.) పెళ్లితోపాటు నాకు ఒక భార్య, ఆవిడ పెంచుతున్న నాలుగు కుండీల మొక్కలు, రెండున్నరేళ్ల కూతురు దక్కాయి. కూతుర్ని మా ఆవిడ నాకు పరిచయం కాకముందే, ఎనిమిది నెలల పసికందుగా ఉన్నప్పుడు దత్తత తీసుకుంది. ఇంట్లో బుడ్డది అంటాం. బుడ్డది నన్ను పెళ్లికొడుకు అంటుంది. మొదటిరోజు ఎవరో అలా పరిచయం చేశారు, మార్చుకోవడానికి దానికి తగిన కారణం ఇంతవరకూ కనపడలేదు. పొద్దున్నే నా పక్కన నిలబడి "పెళ్లికొడుకా, చెప్పులు తొడుగు" అని ఆజ్ఞాపిస్తుంది. ఆ లెక్కన నాకు రోజూ పెళ్లే.

బుడ్డది బకెట్లో దిగితే లేవదు. అందుకని ఈతకు చేర్చాలనుకున్నాం. మూడేళ్లలోపు పిల్లలతో తల్లో తండ్రో నీళ్లలోకి దిగి తీరాలన్నది అక్కడి నిబంధన. మా ఆవిడ చెవిలో చుక్క నీరు పడకూడదని డాక్టరు ఆంక్ష. కాబట్టి ఆ అదృష్టం నాది. బుడ్డది నాతో ఆడుతుంది, నా వేలు పట్టుకుని నడుస్తుంది. కానీ భయం వేస్తే మాత్రం నన్ను దాటుకుని వాళ్లమ్మ దగ్గరికే పరిగెడుతుంది. నీళ్లలో వాళ్లమ్మ ఉండదు. (ఇది స్వార్థమని తెలుసు. దరఖాస్తులో ఆ ప్రశ్న లేదు కనుక రాయలేదు.)

నాలుగో పేజీలో 'పూర్వానుభవం' అని ఉంది. లేదు అని రాశాను. గుమాస్తా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, పుట్టిన ప్రతి బిడ్డకూ కడుపులో తొమ్మిది నెలల అనుభవం ఉంటుందని, దాన్ని కన్నతల్లి సంతకంతో ధ్రువీకరించాలని వివరించాడు. ఆ సంతకం దొరకదని చెప్పాం. అయితే అనుభవం సున్నా అన్నాడు.

"ఈదకుండానే బయటికొచ్చిందంటారా?" అంది మా ఆవిడ.

"వచ్చిందని మేమూ ఒప్పుకుంటాం మేడమ్. ఈదిందనడానికే కాగితం కావాలి."

తర్వాత మమ్మల్ని పోలికల అధికారి గదికి పంపారు. ఒకరి పిల్లను ఇంకొకరు తీసుకుపోకుండా ఉండేందుకు ఈ పదవి సృష్టించారట. ముక్కుకు ఆరు మార్కులు, చెవులకు నాలుగు, నుదుటికి మూడు, మిగతావి కలిపి మొత్తం ఇరవై. (టోపీ, గాగుల్స్ పెట్టుకుంటే అందరూ కప్పల్లాగే ఉంటారు కనుక, పరీక్ష పొడిగా ఉన్నప్పుడే జరుపుతారు.) అధికారి నా ముక్కునూ బుడ్డదాని ముక్కునూ స్కేలుతో కొలిచి సున్నా వేశాడు. చెవులకు సున్నా. మా ఆవిడకు సానుభూతితో ఒకటి వేశాడు. ఇంతలో బుడ్డది స్కేలు కావాలని అలిగింది. నేను కొలతల మీద అలిగాను. గది తుడుస్తున్న ఆయా కర్రకు ఆనుకుని మమ్మల్ని చూసింది.

"పోలిక లేకపోవడమేంటి సారూ? అలిగితే ఇద్దరికీ కింది పెదవి ఒకేలా వేలాడుతోంది, చూడండి."

అధికారి నిజాయితీపరుడు. చూశాడు, నిజమేనని ఒప్పుకున్నాడు, పెదవికి కాలమ్ లేదన్నాడు. చివరికి మానవతా దృక్పథంతో నాకు 'తాత్కాలిక జలపిత' అన్న కార్డు మంజూరైంది. ఆరు పాఠాల వరకు నీటిలో నేను తండ్రిని. మెట్లెక్కి గట్టు మీదికి రాగానే ఆ హోదా రద్దవుతుంది.

ఆ ఆరు పాఠాల గురించి రాయమంటే నాకు కాగితం చాలదు. బుడ్డది నీళ్ల మీద బుడగలు ఊదింది. కాళ్లు టపటపా కొట్టి కోచ్ మీసాలు తడిపింది. నా మెడలో వేలాడే కార్డును నమిలింది. మూడో పాఠానికి కార్డులోకి నీళ్లు దూరి ఫొటో అలికిపోయింది, నాకే నా పోలిక లేదని పోలికల అధికారి కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టించాడు. ఆ సంతోషంలో అది కూడా రెండు ప్రతులు నింపి ఇచ్చాను.

ఆరో పాఠం తర్వాత దూకుడు పరీక్ష. నెగ్గితే నా పితృత్వం ఖాయమై బుడ్డది పైతరగతికి వెళుతుంది. లేకపోతే సీటు వరుసలో తర్వాతి బిడ్డకు పోతుంది, నేను మళ్లీ ఒట్టి పెళ్లికొడుకునవుతాను. బిడ్డ గట్టు మీద నిలబడాలి. తండ్రి రెండు మూరల దూరంలో నీళ్లలో ఉండాలి. ఈత ఇన్‌స్పెక్టర్‌తో కలిపి ముగ్గురు సభ్యుల కమిటీ తండ్రి వివరాలు చదివి, సరిచూసి, విజిల్ ఊదాక బిడ్డ దూకాలి.

మా ఆవిడ బెంచీ మీద తువ్వాలు పిండుతూ కూర్చుంది. (తువ్వాలు పొడిగానే ఉంది.) బుడ్డది గట్టు అంచున కాలి వేళ్లు ముడుచుకుని నిలబడింది. లోతు చూసింది. కింది పెదవి వణికింది. వెనక్కి తిరిగి వాళ్లమ్మను చూసింది. నాకు మోకాళ్ల దాకా ఉన్న ధైర్యం కూడా నీళ్లలో కరిగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "ఎదురుగా నీటిలో ఉన్న సదరు వ్యక్తి, కార్డు సంఖ్య..."

"పట్టుకో" అంది బుడ్డది. నాతోనే.

దూకింది. నేరుగా నా ముఖం మీద పడింది. నేను మునిగి ఒక చెంబెడు నీళ్లు మింగాను. ఇంత రుచి గల నీళ్లు నేనెప్పుడూ తాగలేదు. పైకి లేచేసరికి అది రెండు చేతులతో నా మెడను, రెండు కాళ్లతో నా పొట్టను బిగించి, చెవిలో దగ్గుతోంది. వాళ్లమ్మ గట్టుదాకా పరిగెత్తుకొచ్చి చేతులు చాపింది. బుడ్డది వెళ్లలేదు. ముఖం నా భుజానికి తుడుచుకుని "మళ్లీ" అంది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికి కార్డు సంఖ్యలో నాలుగో అంకె దగ్గర ఉన్నాడు. నియమం ప్రకారం మిగతా అంకెలు, నా ఎత్తు, రక్తం గ్రూపు పూర్తిగా చదివాడు. సభ్యులు తలలు దగ్గర పెట్టి చర్చించారు. ఫలితం అక్కడికక్కడే రాసి, ముద్ర వేసి, తడవకుండా చివర పట్టుకుని నాకు అందించారు:

"అనుత్తీర్ణం. కమిటీ పరిశీలన పూర్తి కాకముందే బిడ్డ సదరు వ్యక్తిని తండ్రిగా నిర్ధారించింది. బిడ్డకు ఆ అధికారం లేదు."