అభ్రకం పెంచలమ్మ

పెంచలమ్మ ఎడమ చెయ్యి మోచేతి దాకా అభ్రకంగా మారిన రోజు ఉదయం ఆమె కొడుకు రమణయ్య ఆటో తోలుకుని గూడూరు వెళ్లి ఉన్నాడు కాబట్టి, ఆ సంగతి మొదట తెలిసింది ఎదురింటి మస్తాన్‌బీకి. పాల ప్యాకెట్ ఇవ్వడానికి వచ్చిన మస్తాన్‌బీ, అందుకోవడానికి చాపిన ఆ చేతిని చూసి గోరుతో ఒకసారి గీకింది. సన్నటి గీత పడింది. చేతిని కిటికీ వైపు తిప్పింది. వెలుతురు లోపలికంటా దిగి, అవతల గోడ మీది క్యాలెండర్ లేత ఆకుపచ్చగా కనబడింది.

"మన రాయే మేయ్," అంది.

"ఆకుపచ్చదేనా?"

"ఆకుపచ్చదే."

పెంచలమ్మ కుడిచేత్తో పాలు అందుకుని స్టవ్వు వెలిగించింది.

వాళ్ల ఊరు తెల్లమిట్టలో అది కొత్త సంగతి కాదు. ఒకప్పుడు గనిలో రాళ్లు కొట్టిన చెంచయ్య వీపు అంతకుముందు వేసవిలోనే అభ్రకమైంది. వానలు పడేసరికి ఇంకో ఇద్దరు ముగ్గురికి మోకాళ్లు, మెడలు మారాయి. ప్రభుత్వం గూడూరులో ఖనిజ నిర్ధారణ కార్యాలయమని ఒకటి తెరిచి, ఇద్దరు గుమాస్తాలనీ ఒక త్రాసునీ ఇచ్చింది. జనం కూడా అలవాటు పడ్డారు. ఒళ్లు మారిన వాళ్లను బరువైన వాటి పక్కన పడుకోబెట్టకూడదనీ, అంచులు పెళుసుగా ఉంటాయనీ అందరికీ తెలుసు.

పెంచలమ్మా మస్తాన్‌బీ కొత్త కోడళ్లుగా ఉన్నప్పుడే మైకా కంపెనీలో చేరారు. రేకులు చీల్చే షెడ్డులో ఆడవాళ్లు రెండు వరసల్లో కాళ్లు చాపుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఒళ్లో గోనెపట్టా, చేతిలో పొట్టి కత్తి. అభ్రకం దిమ్మ అంచున కత్తి మొన దూర్చి కొంచెం మెలిపెడితే పొర లేచేది. ఆ పొరలో ఇంకో పొర. రేకును వెలుతురుకు పట్టి చూసి, మచ్చ లేనిదాన్ని తేటరకం బుట్టలోనూ, గోధుమరంగు మరకలున్నదాన్ని మచ్చరకం బుట్టలోనూ వేసేవాళ్లు. పెంకుల సందుల్లోంచి ఎండ దిగితే, ఆ ఎండలో దుమ్ము లేచి షెడ్డంతా మిలమిలలాడేది. ఎవరింట్లో ఏం కూర వండారో, ఎవరి మరిది ఎవరితో మాట్లాడుతున్నాడో అక్కడే తెలిసేది. ఆ రేకులు రేడియోల్లోకీ ఇస్త్రీ పెట్టెల్లోకీ వెళ్తాయని చెప్పేవాళ్లు. వీళ్లెవరూ వెళ్లి చూడలేదు.

రేడియోల తయారీ మారింది. అభ్రకం అడిగే వాళ్లు తగ్గారు. కంపెనీ మూతపడింది. పెంచలమ్మ వేరుశనక్కాయలు ఒలవడానికి పోయింది, మస్తాన్‌బీ పాల ప్యాకెట్లు పెట్టుకుంది. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఇద్దరూ షెడ్డు సంగతులే మాట్లాడుకునేవాళ్లు. అలా మాట్లాడేటప్పుడు ఇద్దరి చేతులూ ఊరికే కదులుతూ ఉండేవి.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన రమణయ్య తల్లి చెయ్యి చూసి ఆటో మళ్లీ స్టార్టు చేశాడు. పెద్దాస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము తీయించి, దాన్ని దీపానికి పట్టి చాలాసేపు చూశాడు.

"నాణ్యమైన పొర. మా పరిధి కాదు. ఖనిజం వాళ్ల దగ్గరికి తీసుకుపో," అన్నాడు.

ఖనిజ నిర్ధారణాధికారి శ్రీలేఖ చిన్న వయసు అమ్మాయి. మెత్తగా మాట్లాడుతుంది. పెంచలమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, గట్టిదనం చూడటానికి మొదట గోరుతో, తర్వాత రాగి నాణెంతో గీకింది. నున్నగా లేని పింగాణీ పలక మీద మోచెయ్యి రుద్దితే తెల్లటి గీత వచ్చింది. చుక్క ఆసిడ్ వేస్తే పొంగలేదు. వేళ్ల కింద సారాదీపం పెడితే వేళ్లు మాడలేదు. చేతిని ముందు గాలిలో, తర్వాత నీళ్ల బకెట్లో తూచి సాంద్రత లెక్కగట్టింది. చివరికి బ్యాటరీ తీగలు రెండువైపులా తగిలించి చూసింది. కరెంటు పారలేదు.

"ముస్కోవైట్ అభ్రకం. ఆకుపచ్చ రకం. అన్ని లక్షణాలూ సరిపోయాయి," అంది శ్రీలేఖ.

"మా యమ్మ మాట్లాడతా ఉంది గదా మేడమ్," అన్నాడు రమణయ్య.

"మాట్లాడటం ఖనిజ లక్షణాల్లో లేదండీ. మాట్లాడకూడదని కూడా ఎక్కడా లేదు."

పెంచలమ్మ ఆ అమ్మాయిని అడిగింది. "తేటరకమా, మచ్చరకమా తల్లీ?"

"అది చీలిస్తే గానీ తెలియదమ్మా," అంది శ్రీలేఖ. అది నిజమేనని పెంచలమ్మ తలూపింది.

మర్నాటికి భుజం, వారం తిరిగేసరికి నడుము దాకా మారాయి. అప్పుడు మూతపడిన మైకా కంపెనీ యజమాని కొడుకూ మేనేజరూ అయిన కోదండరామిరెడ్డి బ్రెడ్డూ యాపిల్ పళ్లూ పట్టుకుని ఇంటికి వచ్చాడు. పెద్దమనిషి. చెప్పులు బయట విడిచి, మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ రోజుల్లో మాకు ప్రతి ఏడూ కొంత సరుకు తగ్గేదమ్మా. గని దగ్గర తూకం ఒకటి, షెడ్డులో తూకం ఒకటి. ఎక్కడ పోతుందో మా నాయన చచ్చేదాకా తెలుసుకోలేకపోయాడు. ఇప్పుడు తెలిసింది," అన్నాడు.

రమణయ్య లేచి నిలబడ్డాడు. "మా యమ్మ దొంగతనం చేసిందంటారా?"

"ఎంత మాట! ఊపిరి పీల్చుకోవడం ఆమె తప్పు కాదు. మేం దాన్ని ఎప్పుడూ తప్పని అనలేదు. సరుకు మాది, అంతే. ఇన్నేళ్లూ భద్రంగా దాచిపెట్టినందుకు మా కంపెనీ తరఫున దణ్ణం పెట్టి పోదామని వచ్చాను."

ఆయన నిజంగానే దణ్ణం పెట్టాడు. పెంచలమ్మ ఏం చెయ్యాలో తోచక కుడిచెయ్యి నుదుటి దాకా ఎత్తింది.

"ఇచ్చేది లేదు సార్. ఇంట్లోనే ఉంటది," అన్నాడు రమణయ్య.

కోదండరామిరెడ్డికి కోపం రాలేదు. ఇంట్లో ఉంచుకోవచ్చనీ, దానికి ఖనిజం నిల్వ చేసే అనుమతి ఉంటే చాలనీ చెప్పి, అది ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పి వెళ్లాడు.

రమణయ్య అనుమతి తెచ్చాడు. దాని ప్రకారం నిల్వ ఉన్నచోట ఎర్ర అక్షరాల బోర్డు పెట్టాలి, చుట్టూ తీగ కట్టాలి. మంచం చుట్టూ తీగ కట్టి, లోపలికి వెళ్లడానికి తలవైపు దారి వదిలాడు. ఖనిజాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదపాలంటే రవాణా చీటీ ఉండాలి. పెంచలమ్మకు సాయంత్రం అరుగు మీద కూర్చోవడం అలవాటు కనుక, రమణయ్య రోజూ పొద్దున గూడూరు వెళ్లి మంచం నుంచి అరుగుకు ఒకటి, అరుగు నుంచి మంచానికి ఒకటి, రెండు చీటీలు తెచ్చేవాడు. ఆదివారం కార్యాలయానికి సెలవు. ఆదివారం ఆమె అరుగు మీదికి వచ్చేది కాదు.

అలాంటి ఒక ఆదివారం మస్తాన్‌బీ తీగ పక్కన కూర్చుని వార్త చెప్పింది. కంపెనీ షెడ్డు తెరుస్తున్నారు. కొత్తవాళ్లకు చీల్చడం రాదు కాబట్టి ఇంకా రాయి కాని పాతవాళ్లను పనికి రమ్మన్నారు. చెంచయ్యను నిన్ననే షెడ్డుకు తీసుకుపోయారు.

"అదే షెడ్డేనా?" అని అడిగింది పెంచలమ్మ.

"అదే. పెంకులు గూడా మార్చలా."

"ఎవురెవురు వస్తా ఉండారు?"

మస్తాన్‌బీ పేర్లు చెప్పింది. కొందరు చీల్చడానికి, కొందరు చీలడానికి. పెంచలమ్మ ప్రతి పేరుకూ "అదీనా!" అని నవ్వింది.

ఆ సాయంత్రం కొడుకును పిలిచి, తనను కంపెనీలో దించి రమ్మంది.

"నిన్ను చీలుస్తారమ్మా," అన్నాడు రమణయ్య.

"చీల్చకుండా అభ్రకాన్ని ఏం చేస్తార్రా?"

"నవ్వబాక. నేను చెప్పేది వినపడతా ఉందా నీకు?"

"వినపడతా ఉంది నాయనా. చీల్చేది ఎవురు, పైవాళ్లా? మస్తాన్‌బీనే గదా. దాని చెయ్యి నాకు తెలుసు."

రమణయ్య తీగ పట్టుకుని నిలబడ్డాడు. "నాకాడ నీకేం తక్కువైంది?"

"నీకాడ బాగానే ఉండాది. నువ్వు పొద్దన పోతే సందేళకి వస్తావు. గోడ చూస్తా ఉంటాను. ఆడ అందరూ ఉంటారు."

ఆ రాత్రి రమణయ్య అన్నం తనే కలిపి, తీగ మీదుగా చెయ్యి చాపి తల్లికి తినిపించాడు. అప్పటికి అభ్రకం గడ్డం దాకా వచ్చింది. మింగడం ఇంకా కుదురుతోంది.

సోమవారం రవాణా చీటీని ఆటో అద్దానికి అంటించి, తల్లిని పాత నూలు చీరల్లో చుట్టి వెనక సీట్లో ఒరిగించాడు. గతుకులు వచ్చినచోట దిగి, ఆటోను చేత్తో తోశాడు. షెడ్డు వాకిట్లో దించేసరికి లోపలి నుంచి ఆడవాళ్ల మాటల రొద వినిపించింది. పెంచలమ్మ కళ్లు మూసుకుని వింది. ఆమె ముఖం అంత తేటగా ఉండగా రమణయ్య చిన్నప్పుడు చూశాడు, ఆ తర్వాత చూడలేదు.

ఆమెను వెనకటి చోటునే పెట్టారు. ఎదురుగా మస్తాన్‌బీ కాళ్లు చాపుకుని, ఒళ్లో పట్టా పరుచుకుంది. ఇటువైపు వరసలో సగం మంది రాయి, అటువైపు వరసలో అందరూ మనుషులు. మాటలు మాత్రం రెండువైపుల నుంచీ సమానంగా వస్తున్నాయి. కోదండరామిరెడ్డి తండ్రి షెడ్డు చూడటానికి వచ్చినప్పుడు గాలివానకు ఆయన పంచె ఊడి ముళ్లకంపకు తగులుకున్న సంగతి ఎవరో ఎత్తారు. ఆయన లాల్చీతోనే నిలబడి అందరినీ పని చేసుకోమని కేకలు వేశాడు. చెంచయ్య అప్పటికి వీపంతా పొరలు తీయించుకుని ఉన్నా, ఆ పంచె తెచ్చి ఇచ్చింది తనేనని గట్టిగా చెప్పుకున్నాడు.

మస్తాన్‌బీ కత్తి మొనను పెంచలమ్మ చిటికెన వేలు అంచున పెట్టింది. పెట్టి, అలాగే ఆగిపోయింది.

"కానీయ్ మేయ్. కాఫీ వేళవుతాది," అంది పెంచలమ్మ.

"నొప్పి?"

"లేదు. చలిగా ఉంది. బాగుంది."

మొదటి పొర లేచింది. అరచేతి వెడల్పు రేకు. మస్తాన్‌బీ దాన్ని పైకప్పు సందు వైపు ఎత్తి పట్టుకుంది. నడిమధ్యలో గోధుమరంగు మరక ఉంది, పొగ పట్టినట్టు. రెండో రేకులోనూ ఉంది. మూడోదానిలో ఇంకా ముదురుగా ఉంది. పొగాకు వల్ల కావచ్చు, కట్టెలపొయ్యి వల్ల కావచ్చు. ఇనుము కలిస్తే కూడా అలాగే వస్తుంది.

"ఏ రకం?" అని అడిగింది పెంచలమ్మ. మెడ తిరగడం లేదు కాబట్టి ఆమెకు రేకు కనబడదు.

మస్తాన్‌బీ కంపెనీలో పనిచేసినన్నాళ్లూ ఒక్క మరక రేకును తేటరకంలో వేసి ఎరగదు. అలా వేసినందుకు పక్కవాళ్లతో పోట్లాడింది కూడా.

"తేటరకం," అంది. రేకును తేటరకం బుట్టలో వేసింది.

"ఒట్టు?"

"ఒట్టు మేయ్. అద్దం మాదిరుండాది."

పెంచలమ్మ, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు తనను నలుపని అన్న సంగతి మొదలుపెట్టింది. ఆ కథ మస్తాన్‌బీ వందసార్లు విన్నది. వింటూనే చీల్చింది.

బుధవారం మధ్యాహ్నం, మొగుడు మొదటిసారి సైకిలెక్కించుకుని ముత్యాలమ్మ తిరణాలకు తీసుకుపోయిన కథ చెబుతూ, "దారిలో గొలుసు ఊడితే ఆయన..." అని పెంచలమ్మ ఆగిపోయింది. మస్తాన్‌బీ కాసేపు చూసింది. మిగతా వాక్యం తనే చెప్పింది. వరసలో ఉన్నవాళ్లు నవ్వవలసిన చోట నవ్వారు. చివరి దిమ్మ సాయంత్రానికి పూర్తయింది.

షెడ్డు మేస్త్రీ బుట్టల దగ్గరికి వచ్చి, పెంచలమ్మ రేకులను ఒక్కొక్కటే తీసి చూశాడు. అన్నింటినీ మచ్చరకంలోకి మార్చాడు. మస్తాన్‌బీ పట్టా దులుపుకుని, చెంచయ్య భుజం అందుకుంది.

కొలతకు కత్తిరించిన రేకులు పెట్టెల్లో రేవుకు వెళ్లిపోయాయి. అంచులూ ముక్కలూ తుక్కు కింద వేరు చేశారు. తుక్కును పొడి చేస్తే రంగుల్లోకీ ముఖానికి పూసుకునే పౌడర్లలోకీ పనికొస్తుంది. పొడి మిల్లుకు కుర్రవాళ్లు కావాలని కంపెనీ చాటింపు వేయించింది. ఇల్లు బావురుమంటోందని, రమణయ్య ఆటోను ఇంటి ముందు నిలబెట్టి పనిలో చేరాడు. గేటు దగ్గర ప్రతివాడికీ ముక్కుకు కట్టుకునే తెల్లటి గుడ్డ ఇచ్చారు.

మిల్లు సూపర్‌వైజరు సుబ్బరామయ్య వయసు మళ్లిన మనిషి. రమణయ్య మొదటి బస్తా విప్పబోతుండగా పక్కకు పిలిచాడు.

"అబ్బయా, ఈ పూట ఆడిచ్చేది మీ యమ్మ తుక్కు. కావాలంటే ఇంటికి పో. రేపు రా. జీతం కోయను."

"పరవాలేదు సార్. నేనే ఆడిస్తా," అన్నాడు రమణయ్య.

బస్తా ఎత్తి మిల్లు నోట్లో వంచాడు. చప్పుడుకు నేల అదిరింది. కాసేపటికి దుమ్ము లేచి గదంతా నిండింది, కిటికీలోంచి పడే ఎండలో నిదానంగా తిరిగింది. రమణయ్య చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ముక్కుకు కట్టుకున్న గుడ్డను గడ్డం కిందికి లాగి, నోరు తెరిచి, గుండెల నిండా పీల్చుకున్నాడు.

సుబ్బరామయ్య చూశాడు. కేకలేస్తాడని పక్కవాళ్లు అనుకున్నారు. ఆయన దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మెల్లిగా పీల్చు నాయనా. మొదట్లో దగ్గొస్తాది."