పదిహేడో నంబరు దగ్గు

ఇల్లు లేని మనిషికి ఇల్లిస్తే ఆరోగ్యం బాగుపడుతుందన్నది మానవజాతి వేల ఏళ్లుగా ఏ ఆధారమూ లేకుండా నమ్ముతూ వస్తున్న విషయం. గుహలో దూరిన మొట్టమొదటి మనిషి కూడా సర్వే చేయించి దూరలేదు. వానొచ్చింది, దూరాడు. ఈ తొందరపాటును సరిదిద్దడానికి ఏర్పడిందే మా గృహారోగ్య పరిశోధనా మండలి. అందులో నేను క్షేత్ర ప్రశ్నకుణ్ణి. అంటే ఓ అట్ట, అట్టకో క్లిప్పు, క్లిప్పు కింద రెండువందల పద్నాలుగు ప్రశ్నలు పట్టుకుని, ఇల్లు లేనివాళ్ల ఇంటింటికీ తిరిగి జవాబులు రాసుకొచ్చేవాణ్ణి. (ఈ వాక్యంలో ఏదో తప్పుందని మీకనిపిస్తే, మీరెప్పుడూ మండలిలో పనిచెయ్యలేదని అర్థం.)

అధ్యయనం రెండేళ్లు. ఇల్లు లేనివాళ్లు నలభైమంది. ఊరి చివర వాళ్లకోసం నలభై గదులు కట్టించి, తలుపుల మీద నంబర్లు కూడా వేయించారు. కంప్యూటరు చేత చీట్లు తీయించి ఇరవైమందిని ‘గది వర్గం’ అన్నారు. వాళ్లకి గదులు వెంటనే ఇస్తారు. మిగతా ఇరవైమంది ‘బెంచీ వర్గం’. వాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉండాలి. రెండేళ్లు నిండిన రోజున వాళ్లకీ గదులిస్తారు. ఈలోగా గది ఉన్నవాళ్లు ఎంత బాగుపడ్డారో తెలియాలంటే, బాగుపడనివాళ్లు కొందరు పక్కన ఉండాలి కదా. ఆ బాధ్యత బెంచీ వర్గానిది.

బెంచీ వర్గంలో పదిహేడో నంబరు గొడుగుల బాబాయి. ఒకప్పుడు చిన్న కొట్టుండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టు పోయింది, కొట్టు వెనకే ఉండేవాడు కాబట్టి కొంపా పోయింది. అప్పట్నుంచి బస్‌స్టాపు బెంచీ మీద కూర్చుని ఊరందరి గొడుగులూ బాగుచేస్తాడు, అక్కడే పడుకుంటాడు. బస్‌స్టాపు రేకును మరమ్మతుకని తీసుకెళ్లి చాలా కాలమైంది. (రేకు ఇంకా కోలుకుంటోంది.) బాబాయికి ఒక దగ్గుంది. అడుగున ఎక్కడో మొదలై, ఊచలన్నిటినీ కదిలించుకుంటూ పైకొచ్చే దగ్గు. దానికి మందు తన గదేనని ఆయన నమ్మకం. వారం వారం ఊరి చివరిదాకా నడిచి వెళ్లి, పదిహేడు అని రాసిన తలుపును చూసి వచ్చేవాడు.

మొదటి నెల ప్రశ్నలు అడగడానికి వెళ్లాను.

“ముప్పై ఒకటో ప్రశ్న బాబాయ్. మీ ఇంటి పైకప్పు కారుతుందా?”

“కప్పే లేదు సారూ, కారేదేంటి?”

“అవునా, కాదా, రెంట్లో ఒకటే చెప్పాలి.”

కాసేపు ఆలోచించాడు. “కారదు.”

కారదు అని టిక్కు పెట్టాను. “ఎలుకల బెడద?”

“ఎలుకలకి ఇక్కడేం దొరుకుతుంది సారూ? రావు.”

“ఇంటి యజమానితో గొడవలు?”

“ఏ యజమాని?”

“గొడవలు లేవు. గాలీ వెలుతురూ?”

“ఆ రెంటికీ లోటు లేదు,” అని దగ్గాడు.

ఆఫీసుకొచ్చి లెక్కేస్తే బాబాయి నివాస నాణ్యతకు వందకి తొంభై ఆరు మార్కులొచ్చాయి. డైరెక్టరుగారు ముచ్చటపడి తన ఇంటికి కూడా అవే ప్రశ్నలు వేసుకున్నారు. స్నానాలగది కారుతుంది, ఇల్లేమో మామగారిది, ఆ రెండు జవాబులతోనే నలభై ఒకటికి పడిపోయారు. బాబాయి ఫారాన్ని చాలాసేపు చూసి, “అదృష్టవంతుడయ్యా,” అని నిట్టూర్చారు.

నెలకోసారి మండలి డాక్టరమ్మ వచ్చి అందర్నీ పరీక్షించేది. బాబాయి వీపు మీద గొట్టం పెట్టి విని, మొహం చిట్లించి, చీటీ మీద ఒకే ముక్క రాసింది: పొడిగా ఉండే గది, రోజంతా, కనీసం మూడు వారాలు.

ఆ చీటీ పట్టుకుని నేను డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లాను.

“గది అనేది మనం పరీక్షిస్తున్న మందయ్యా,” అన్నారాయన. “పరీక్ష పూర్తికాకుండా రోగికి ఎలా ఇస్తాం? ఏమైనా వికటిస్తే?”

“మనమంతా గదుల్లోనే ఉంటున్నాం కద సార్.”

“ఏ పరీక్షా జరక్కుండానే ఉంటున్నాం. అది మన మొండి ధైర్యం. దాన్ని పేదవాళ్లమీద రుద్దకూడదు.”

వానలు మొదలయ్యాక గొడుగు వ్యవహారం వచ్చిపడింది. బాబాయి బాగుచేసిన గొడుగును తెరిచి, అది సరిగా నిలబడుతోందో లేదో చూడ్డానికని దానికిందే కూర్చుంటున్నాడని మండలికి తెలిసింది. (తెలియజేసింది నేనే. నూట రెండో ప్రశ్న కింద రాయక తప్పలేదు.) నియమపాలనా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. టేపు పెట్టి గొడుగును కొలిచారు. గొడుగంటే చేత్తో మోసే పైకప్పు అనీ, దానికింద కూర్చున్న మనిషి ఇంటిలో అయిదో వంతు ఉన్నట్టేననీ, బెంచీ వర్గంవాడికి అంత ఇల్లు తగదనీ తీర్మానించారు. అయితే ఆయన వృత్తికి భంగం కలగకూడదన్న దయతో, ఒక్కో గొడుగును పరీక్ష నిమిత్తం నిమిషంన్నరసేపు తెరవడానికి అనుమతి ఇచ్చారు. నిమిషంన్నర కొలిచే గడియారం నాకిచ్చారు.

అలా ఆ కాలమంతా నేను రెయిన్‌కోటు వేసుకుని బస్‌స్టాపులో నిలబడ్డాను. బాబాయి గొడుగు తెరిచేవాడు. నేను గడియారం నొక్కేవాణ్ణి. “బాబాయ్, అయిపోయింది,” అనేవాణ్ణి. ఆయన మూసేసి, తల తుడుచుకుని ఇంకో గొడుగు అందుకునేవాడు. చుట్టూ డజను గొడుగులు పెట్టుకుని తడుస్తున్న మనిషిని బస్సు కోసం వచ్చినవాళ్లు గుడ్లప్పగించి చూసేవాళ్లు. నాకు సిగ్గేసేది. సిగ్గుకు ఫారంలో గడి లేదు కాబట్టి రాయలేదు.

పదో నెలలో పక్క బెంచీ మీద ఇంకో మనిషి కనిపించాడు. మెడలో మండలి ఇచ్చిన బిళ్ల, దానిమీద ఇరవై మూడు. ఒకప్పుడు లారీలకు రంగులు వేసేవాడట. (గది వర్గాన్ని ప్రశ్నలడిగేది వేరే ప్రశ్నకుడు, అందుకే ఇతన్ని నేనెప్పుడూ చూడలేదు.)

“మీరు గది వర్గం కదా? ఇక్కడున్నారేంటి?” అన్నాను.

“గది తాళంచెవి ఇవ్వాలంటే నివాస ధ్రువపత్రం తెమ్మన్నారు సార్.”

“తేవాల్సింది.”

“నివాసం ఉంటేగా. ఒకవేళ ఉండి తెచ్చావనుకో, ఇల్లున్నవాడివి కాబట్టి జాబితాలోంచి నీ పేరు కొట్టేస్తాం అన్నారు. కాళ్లరిగేలా తిరిగి ఇదిగో, ఇక్కడ కూలబడ్డాను.”

వాకబు చేస్తే ఇరవైమందిదీ ఇదే కథ. ఒక్కడు కూడా గది గడప తొక్కలేదు. పరుగున వెళ్లి డైరెక్టరుగారికి చెప్పాను. ఆయన కంగారుపడతారనుకున్నాను. ఆయన రెండు వర్గాల ఆరోగ్య వివరాలూ పక్కపక్కన పెట్టుకుని, వేలు పెట్టి వరసగా చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“తేడా లేదయ్యా! గది వర్గానికీ బెంచీ వర్గానికీ ఆరోగ్యంలో పిసరంత తేడా లేదు. ఇంత స్పష్టమైన ఫలితం నా సర్వీసులో చూళ్లేదు.”

ఇరవయ్యో నెలలో బాబాయి మేనకోడలు ఆఫీసుకొచ్చింది. ఊరు మారివచ్చి కొత్తగా బట్టలు కుట్టే కొట్టు పెట్టుకుంది. మెడలో టేపు అలాగే ఉంది. వెనకాలే బాబాయి, గోడ పట్టుకుని నడుస్తూ.

“మావయ్యని తీసుకెళ్లిపోతున్నా. కొట్టు వెనక గదుంది. మిషను కాస్త పక్కకి జరిపితే మంచం పడుతుంది. ఆ దగ్గు వింటుంటే నా కడుపు తరుక్కుపోతోంది,” అంది.

“కొంప మునిగింది!” అని లేచి నిలబడ్డారు డైరెక్టరుగారు. కొంపలు లేనివాళ్లతో నడిచే ఆఫీసులో ఆ మాట వినబడటం అదే మొదటిసారి. వెంటనే సర్దుకుని, మెత్తగా చెప్పారు: “నిక్షేపంగా వెళ్లొచ్చమ్మా. మేం ఎవర్నీ కట్టెయ్యం. కాకపోతే మధ్యలో వెళ్లినవాళ్లకి గది మీద హక్కు పోతుంది. పదిహేడో గది వేరేవాళ్లకి వెళుతుంది.”

బాబాయి కళ్లు నేలకి దించుకున్నాడు. “ఇంకెంతమ్మా, నాలుగు నెలలేగా. ఎవరి పంచనా పడకుండా నా గదిలో నేనుంటా. తలుపు మీద నంబరు కూడా వేశారు.”

“ఆ నాలుగు నెలలూ నువ్వుండాలి కదా మావయ్యా!”

‘వెళ్లిపో బాబాయ్’ అన్న మాట నా గొంతుదాకా వచ్చింది. డైరెక్టరుగారు నావైపు చూశారు. నేను నీళ్లు నమిలాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

రెండేళ్లు నిండాయి. ఆ ఉదయం బాబాయి గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. మేనకోడలు కొట్టు మూసి వచ్చింది. నేను అట్టా క్లిప్పూ పట్టుకుని వెళ్లాను, గృహప్రవేశం నాటి మనోభావాలకు పన్నెండు ప్రశ్నలున్నాయి మరి. కాపలాదారు పదిహేడో తలుపు తాళం తీశాడు.

లోపల నేల నుంచి కప్పుదాకా ఫైళ్లు.

నలభైమంది, ఇరవై నాలుగు నెలలు, మనిషికి నెలకి రెండువందల పద్నాలుగు జవాబులు. ఇవన్నీ మొదట ఆఫీసులోనే ఉండేవి. మొదటి వానలకే ఆఫీసు పైకప్పు కారింది. (ముప్పై ఒకటో ప్రశ్నకు మా ఆఫీసు జవాబు: అవును.) దాంతో ఫైళ్లను ఎలాగూ ఖాళీగా ఉన్న గదుల్లోకి మార్చారు. వాటిని నివాస ధ్రువపత్రం ఎవరూ అడగలేదు. ప్రతి ఫైలు మీదా మండలి చిరునామాతో ముద్ర ఉంది కదా, పత్రాలన్నీ సక్రమమే. ఒకసారి గదిలోకి చేరిన ఫైలును పదేళ్లదాకా కదపకూడదని నియమం.

బాబాయి గడప దాటలేదు, దాటడానికి చోటు లేదు. చెయ్యి చాచి, తలుపు పక్క అరలోంచి పదిహేడో నంబరు ఫైలు లాగాడు. కాగితాలను వేళ్లతో తడిమి చూశాడు, గొడుగు గుడ్డను చూసినట్టే.

“పొడిగా ఉన్నాయి సారూ,” అన్నాడు. “నా కాగితాలన్నా ఇంట్లో పడ్డాయి.”

అంతలో దగ్గొచ్చింది. కాగితాల మీద తుంపర పడకుండా మొహం పక్కకి తిప్పుకుని, చాలాసేపు దగ్గాడు. తర్వాత ఫైలును మళ్లీ జాగ్రత్తగా అక్కడే పెట్టాడు.

మేనకోడలు ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయింది. వెళుతూ మండలి గురించి ఆమె అన్న మాటలు అచ్చు వేయదగ్గవి కావు. నాకు మాత్రం ఒక్కదాంతోనూ భేదాభిప్రాయం లేదు.

మూడు వారాల తర్వాత చిరిగిన గొడుగొకటి వంకగా పెట్టుకుని ఆ కొట్టుకి వెళ్లాను. మిషను ఓ మూలకి జరిగి ఉంది. వెనక గదిలో మంచం మీద కూర్చుని బాబాయి ఊచ వంచుతున్నాడు. గంటసేపు కూర్చున్నాను, గడియారం పెట్టి మరీ విన్నాను. ఒక్క దగ్గూ రాలేదు. గొడుగు తెరిచి తలమీద పట్టుకుని, నావైపు చూసి నవ్వాడు. అయిదు నిమిషాలదాకా మూయలేదు.

అదంతా రాసి ఇచ్చాను. డైరెక్టరుగారు ఎర్ర సిరాతో కొట్టేశారు. బాబాయి అధ్యయనం ముగిశాక బాగుపడ్డాడు కాబట్టి అది లెక్కలోకి రాదట. పైగా కుట్టుమిషను చప్పుడువల్ల తగ్గి ఉండొచ్చట, దానికి వేరే అధ్యయనం కావాలట.

తుది నివేదిక వెలువడింది. ఇల్లివ్వడంవల్ల మనుషుల ఆరోగ్యం బాగుపడుతుందనడానికి ఆధారాలు దొరకలేదు. అయితే అనుకోకుండా తేలిన విషయం ఒకటుందని, దానిపై లోతుగా పరిశోధన జరగాలని చివరి పేజీలో రాశారు: గదుల్లో ఉంచిన ఫైళ్లన్నీ సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నాయి, తేమ లేదు, బూజు లేదు, ఒక్కదానికీ దగ్గు లేదు.