నీటి కోత అధికారి

లోకంలో జలపాతాలు రెండు రకాలు. నీళ్లున్నవి, అధికారులున్నవి! మా లివింగ్‌స్టన్ ఊరి మోసి-ఓ-తున్యా, అంటే ఉరిమే పొగ, వానలు వెలిసిన కొత్తలో మొదటి రకం. మాకు నడి ఎండాకాలమైన అక్టోబరు వచ్చిందా, మా గట్టువైపు ఉరుమూ ఉండదు, పొగా ఉండదు. నల్లటి రాతిగోడ మీద బల్లులు ఎండ కాచుకుంటుంటాయి. తనిఖీకి వచ్చే అధికారులకు మాత్రం ఏ నెలా లోటుండదు.

ఇంతకీ నేను హముసోండేని. జలపాతం గేటు దగ్గర రెయిన్‌కోట్లు అద్దెకిస్తాను. గౌరవమైన పనే. కానీ పెళ్లి మాటలప్పుడు కాసామాలో అత్తవారు "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగితే, నా నోరు నాకంటే ముందు నడిచి "జలపాతం నీటి విడుదల అధికారి" అనేసింది. రెండు రోజుల బస్సు దూరం, ఎవరొచ్చి చూస్తారులే అనుకున్నాను. వచ్చారు! మా అత్తగారే వచ్చారు!

మాలో అల్లుణ్ణి ఇంట్లోకి పిలిచే విందు ఒకటుంది. అది పెట్టేదాకా అల్లుడు అత్తగారి మొహం చూడకూడదు, ఆవిడతో మాట్లాడకూడదు, ఆవిడ ఎదుట తినకూడదు. నాలుగేళ్లుగా ఆ విందు కోసం చకోర పక్షినై చూస్తున్నాను. కాసామా వెళ్లినప్పుడల్లా పెరట్లో ఒంటరిగా మొక్కజొన్న పిండి న్షిమా ముద్ద మింగుతూ, లోపలి కోడికూర వాసనకు గుటకలు వేస్తుంటాను. అల్లుడి హోదా కళ్లారా చూశాకే విందు సంగతి ఆలోచిస్తానన్నారట అత్తగారు.

పొద్దున్నే బయల్దేరాం. ముందు అత్తగారు, మధ్యలో నా భార్య కసూబా, వెనక మొహం పక్కకు తిప్పుకుని నేను. రాతిగోడకు ఎదురుగా ఇనుప కమ్మీ మీద ఒక కొండముచ్చు కూర్చుని ఉంది. అత్తగారు గోడను పైనుంచి కిందికి చూశారు. నాతో మాట్లాడకూడదు గనక దానివైపు తిరిగారు.

"ఏమోయ్ కొండముచ్చూ! నీళ్లేవీ?"

నేనూ దానికే చేతులు జోడించాను. "కొండముచ్చు గారూ, పెద్దావిడకి మనవి చెయ్యండి. ఇవాళ నీళ్లకి కోత. కరెంటు కోతలాగే వంతులవారీగా. ఈవేళ వంతు అవతలి గట్టు జింబాబ్వే వాళ్లది."

"కోతా? కోసేదెవరంట?"

"వారి అల్లుడు గారేనండి!"

కొండముచ్చు చంక గోక్కుంది. కసూబా నా డొక్కలో పొడిచి, "ఇంక ఆపవయ్యా, కొంప ముంచేట్టున్నావు" అని గొణిగింది.

అప్పుడే పక్కన ఎవరో గొంతు సవరించుకున్నారు. రాజధాని లుసాకా నుంచి తనిఖీకొచ్చిన డిప్యూటీ డైరెక్టరు గారు! కార్యక్రమంలో 'రెయిన్‌కోటుతో సందర్శన' అని ఉంది గనక, చుక్క నీరు లేని చోట మెడదాకా గుండీలు పెట్టుకుని, చెమటతో తడిసి ముద్దవుతున్నారు. ఆ కోటు నాదే. గేటు దగ్గర నేనే తొడిగాను. కోటు తొడిగేవాడి మొహం అధికారులు చూడరు, అది నా అదృష్టం. వీపు మీద మాత్రం నా పేరు పెద్దక్షరాల్లో ఉంది. ఈయన వెనక్కి తిరగకుంటే చాలు దేవుడా అనుకున్నాను.

"నీటి కోతేగా?" అన్నారాయన. సొంత శాఖలో జరిగేది తెలియదంటే పరువేం కాను? "ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టింది నేనే! ఈ అబ్బాయి మా దగ్గర మహా సమర్థుడు!"

ఆహా! నా అబద్ధానికి సర్కారు ముద్ర పడింది! కోడి తొడ నా కంచంలో పడ్డట్టే సంబరపడ్డాను.

"ఆగండాగండి," అన్నారు అత్తగారు మెల్లగా. "మా కరెంటు ఈ నీళ్లతోనేగా పుట్టేది?"

"అవును మరి!" అన్నారు డిప్యూటీ డైరెక్టరు గారు ఛాతీ విరుచుకుని.

"ఆ నీళ్లు కోసేది ఇతనేగా?"

"ఇతనే!"

అంతే. అత్తగారు కొండముచ్చును మర్చిపోయారు, ఆచారాన్నీ మర్చిపోయారు. నా చెవి దొరకబుచ్చుకున్నారు.

"ఓరి నీ ఉద్యోగం తగలెయ్య! నా ఫ్రీజర్లో అమ్మకానికి పెట్టిన చేపలన్నీ కుళ్లబెట్టింది నువ్వట్రా! బజార్లో నన్ను చూస్తే ముక్కులు మూసుకుంటున్నారు కదరా!" రెండో చేత్తో గొడుగు ఎత్తి డైరెక్టరు గారి వైపు తిరిగారు. "సంతకం పెట్టింది నువ్వేగా?"

"సంతకమా? నేనా? అబ్బే, నేనేదో సరదాగా చూసిపోదామని వచ్చానమ్మా!" అంటూ ఆయన వెనక్కి తిరిగి లంఘించారు. వీపు బయటపడింది. 'హముసోండే రెయిన్‌కోట్లు. అద్దెకు మాత్రమే. ఎత్తుకుపోతే పిడుగు పడుతుంది.'

అత్తగారు చదివారు. నా చెవి వదిలారు.

"కోట్లు అద్దెకిస్తావా?"

"అవునత్తా. నీళ్ల మీద నాకే అధికారం ఉంటే నా వ్యాపారం ఇలా ఎండుతుందా?" సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగేళ్ల ఆశ ఆ లోయలో కలిసిందనుకున్నాను.

అల్లుడి మొహంలోకి చూస్తున్నానని ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. గబుక్కున భుజాన ఉన్న చితెంగె గుడ్డ మొహం మీదికి లాక్కుని, కొండముచ్చువైపు తిరిగారు.

"కొండముచ్చూ, విను. ఈ కోట్ల సంగతి కాసామాలో ఎవరి చెవినా పడకూడదు. అక్కడ అల్లుడు గారు అధికారే."

"ఎందుకే అమ్మా?" అంది కసూబా.

అత్తగారు గొంతు తగ్గించారు. "మన వీధికి కరెంటు కోత పడకుండా నీళ్లు వదలమని అల్లుడికి చెబుతానని ఇంటింటా కోళ్లు పుచ్చుకున్నానే. కరెంటేదీ అని అడిగితే, 'విందు కాలేదుగా, అల్లుడితో ఎలా మాట్లాడను, ఆచారం ఒప్పదు' అంటున్నా. రేపు విందు పెట్టానంటే ఆ కోళ్లన్నీ ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?"

"అయితే విందు?" అని కొండముచ్చును అడిగాను.

"పెద్దల ఆచారం, తొందరపడకూడదని ఆయనకి చెప్పు," అన్నారు అత్తగారు. పాపం జాలేసిందేమో, సంచీలోంచి వేయించిన కోడి తొడ తీసి కొండముచ్చు చేతికిచ్చారు. "ఇది అల్లుడు గారికి అందించు."

కొండముచ్చుకు ఆచారాలేం పట్టవు. అత్తగారి మొహంలోకి సూటిగా చూస్తూ, ఆవిడ ఎదుటే, నా కోడి తొడ తినేసింది.