ఇన్‌స్పెక్టరు కన్ను

ఆ ఆదివారం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే చేపలకు చెంచాడు మేత వెయ్యాలి, ఆ తరువాత మామగారి పడక్కుర్చీలో మామగారిలాగే కాళ్లు బారచాపుకుని పడుకోవాలి. మామగారు స్నేహితుడి కూతురి పెళ్లికని ఊరెళ్లారు, మర్నాడు సాయంత్రం దాకా రారు. ఇల్లరికం వచ్చిన నాటి నుంచీ ఆ కుర్చీ అతడికి చూసి ఆనందించే వస్తువే తప్ప కూర్చునే వస్తువు కాలేదు.

మామగారు రిటైరైన సర్వేయరు. ఆయన ఉద్యోగాన్ని వదిలినా కొలతలు ఆయన్ని వదల్లేదు. పెరట్లో తన చేత్తో కట్టుకున్న చేపల కొలను చుట్టూ మూరెడు ఎడంగా పసుపు రంగుతో ఒక గీత గీశారు. ఆ గీత లోపలికి ఆయన తప్ప ఇంకెవరూ అడుగు పెట్టకూడదు. చేపలు బెదురుతాయట. అందుకే ఊరెళ్లేముందు పొడవాటి కర్రకు చెంచా కట్టి ఇచ్చి, గీత బయటే నిలబడి మేత వెయ్యమని, ఇంకేమీ ముట్టుకోవద్దని అల్లుడికి రెండేసి సార్లు చెప్పి మరీ వెళ్లారు.

ఆ 'ముట్టుకోవద్దు' వెనక పెద్ద కథే ఉంది. అల్లుడు పనిచేసేది కళ్లద్దాల షాపులో. పోయిన వేసవిలో మామగారి కోసం తనే ఓ సన్నటి ఫ్రేము ఏరి, అద్దాలు బిగించి, మరలు కూడా తనే తిప్పి ఇచ్చాడు. కొన్నాళ్లకు అవి కనిపించకుండా పోయాయి. తుడిచిపెట్టమని నీకే ఇచ్చానంటారు మామగారు. తుడిచి మీ చేతికే ఇచ్చానంటాడు అల్లుడు. ఇచ్చినప్పుడు చూసినవాళ్లు లేరు. ఇక అప్పట్నుంచి ఇంటికెవరొచ్చినా సరే, మంచినీళ్లు అందేలోపే, "మా అల్లుడు కళ్లద్దాల షాపులోనే పనిచేస్తాడు. నా కళ్లద్దాలు పోగొట్టాడు" అని పరిచయం చేసేవారు. ఒకసారి ఆ మాట షాపు యజమాని దగ్గరే అనేశారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ, మర్నాటి నుంచి ఖరీదైన ఫ్రేముల బీరువా తాళంచెవి తన జేబులోనే ఉంచుకోవడం మొదలుపెట్టాడు. అల్లుడికి ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

కర్ర చాచి మేత వేశాడో లేదో చేపలన్నీ మూగాయి. ఒకటి మాత్రం రాలేదు. అది అన్నిటికన్నా పెద్దది, మామగారికి ప్రాణం. రోజూ పొద్దున్నే గట్టు వెంబడే ఓ చుట్టు తిరిగి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటుంది కాబట్టి దానికి ఇన్‌స్పెక్టరని పేరు. ఆ ఇన్‌స్పెక్టరు ఇవాళ తామరాకు కింద ముడుచుకుని ఉంది. కాసేపటికి ఇటు తిరిగింది. కుడి కన్ను ద్రాక్షపండంత ఉబ్బి బయటికి వచ్చేసింది.

అల్లుడు కర్ర పక్కన పడేశాడు. ఈ చేపకు ఏమైనా అయితే ఇంటికొచ్చే చుట్టాలకు చెప్పడానికి మామగారికి ఇంకో వాక్యం దొరుకుతుంది. గబగబా భార్యను కేకేశాడు. ఆమె వచ్చి, చూసి, "ఏం చేశారండీ దాన్ని?" అంది. వెనకాలే అత్తగారు వచ్చారు. ఆవిడ చాలా మర్యాదస్థురాలు, అల్లుణ్ణి దెప్పినా 'మీరు' అనే దెప్పుతారు.

"అద్దాలు అయిపోయాయి, ఇక కళ్ల మీద పడ్డట్టున్నారు అల్లుడుగారు."

అల్లుడు పౌరుషం తెచ్చుకున్నాడు. రోజూ వందలాది కళ్లు చూసే తనకు ఓ చేప కన్ను లెక్కా అనుకుని, టార్చి తెచ్చి దాని మొహం మీద వేశాడు. వేలు కుడికీ ఎడమకూ ఆడించాడు. ఇన్‌స్పెక్టరు పట్టించుకోలేదు. చూపు ఎంత ఆనుతోందో తెలియలేదు గానీ, చేతకాని వైద్యుణ్ణి మాత్రం అది ఇట్టే పోల్చుకున్నట్టుంది. అప్పుడు అల్లుడికి షాపుకు వచ్చే పశువుల డాక్టరు గుర్తొచ్చాడు. గేదెల తోకలు తగిలి తరచూ కళ్లద్దాలు పగలగొట్టుకునే మనిషి. వెంటనే ఫోన్ చేశాడు.

డాక్టరు తాపీగా విన్నాడు. "ఒక్క కన్నేగా? అయితే దేనికో గుద్దుకుని ఉంటుంది. నీళ్లు పాడైతే మామూలుగా రెండూ ఉబ్బుతాయి. కొలను నీళ్లే ఓ తొట్టిలో పోసి దాన్ని విడిగా ఉంచండి, ఎప్సమ్ సాల్ట్ కొద్దిగా కలపండి, కన్ను మాత్రం ముట్టుకోకండి. తరవాత అది గుద్దుకున్నదేమిటో వెతికి తీసెయ్యండి" అన్నాడు. ఎంత నీటికి ఎంత ఉప్పో, నీళ్లు ఎప్పుడెప్పుడు మార్చాలో కూడా చెప్పాడు. ఆ ఉప్పు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. అత్తగారు కాళ్లనొప్పులకు వేణ్ణీళ్లలో కలుపుకునేది అదే. ఆవిడ డబ్బా ఇచ్చారు గానీ, ఇచ్చేముందు మామగారికి ఫోన్ చేసి, చేప కన్ను ఉబ్బిందనీ, అల్లుడుగారు వైద్యం చేస్తున్నారనీ చెప్పారు. మొదటి మాటకు మామగారు నీరసించి కూలబడ్డారట. రెండో మాటకు లేచి, పెళ్లిభోజనం కూడా చెయ్యకుండా బస్సెక్కారట.

ఈలోగా అల్లుడు జీవితంలో మొదటిసారి పసుపు గీత దాటాడు. కిటికీ కర్టెన్ విప్పి వలలా పట్టుకున్నాడు. రెండో కొస భార్య పట్టుకుంది. కర్టెన్లో అన్ని చేపలూ పడ్డాయి, ఇన్‌స్పెక్టరు తప్ప. నీళ్లు కాస్త తగ్గిస్తే దొరక్కపోతుందా అనుకుని కొలనులోకి దిగి, అడుగున నీళ్లు పోయే రంధ్రానికి ఉన్న బిరడాను ఓ పిసరు వదులు చేశాడు. అది ఎన్నాళ్ల నాటిదో, ఊడి చేతికొచ్చింది, వస్తూ వస్తూ రెండు ముక్కలైంది. కొలను గడగడమంటూ ఖాళీ కావడం మొదలైంది.

ఇక ఇంట్లో ఉన్న పాత్రలన్నీ పెరట్లోకి నడిచాయి. బకెట్లు, బిందెలు, పెద్ద కుక్కరు, బట్టలు నానబెట్టే టబ్బు, ఏది దొరికితే దాన్ని కొలను నీళ్లతో ముంచి చేపల్ని అందులోకి చేర్చారు. చివరికి ఇన్‌స్పెక్టరు కూడా దొరికింది. దానికి అన్నిటికంటే పెద్ద టబ్బు, కొలిచిన ఉప్పు, పైన నీడకు గొడుగు. వంటకు గిన్నె మిగల్లేదని అత్తగారు గొణిగారు గానీ, గొడుగు పట్టుకున్నది ఆవిడే.

కొలను నీళ్లు గేటు కింద నుంచి వీధిలోకి పారాయి. వీధివాళ్లు మంచినీళ్ల పైపు పగిలిందనుకున్నారు. ఎవరో మునిసిపాలిటీ నీళ్ల ఆఫీసుకు ఫోన్ చేశారు. ఆఫీసు మనిషి ఎన్నడూ లేనంత చురుగ్గా వచ్చి, వీధి చివర వాల్వు కట్టేసి, మరమ్మతు మనుషుల్ని తీసుకొస్తానని వెళ్లిపోయాడు. వీధి మొత్తానికి నీళ్లు బంద్. రంధ్రంలో గుడ్డ కుక్కి కొలను మళ్లీ నింపుదామంటే కుళాయిలో చుక్క లేదు. ఏమైందో కనుక్కుందామని ఇరుగుపొరుగు ఖాళీ బకెట్లతో ఒక్కొక్కరే గేటు దగ్గరకు చేరారు.

సరిగ్గా అప్పుడే వాళ్లను తోసుకుంటూ పెట్టెతో సహా మామగారు దిగారు. కొలను ఎండిపోయి ఉంది. కుక్కర్లో చేపలు ఈదుతున్నాయి. కొలను నడుమ బురదలో మోకాళ్ల మీద కూర్చుని అల్లుడు రెండు చేతులతో ఏదో దేవుతున్నాడు.

"ఏమీ ముట్టుకోవద్దని చెప్పానా లేదా నీకు?" అన్నారు మామగారు. కోపం కంటే దుఃఖమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

అదే క్షణంలో అల్లుడి వేలికి సన్నటి లోహమేదో గుచ్చుకుంది. జాగ్రత్తగా పైకి లాగాడు. బురద కారుతూ ఒక కళ్లద్దాల ఫ్రేము బయటికొచ్చింది. ఒక అద్దం లేదు. చెవికి తగిలించే కాడ ఒకటి వంకర తిరిగి మేకులా నిలబడి ఉంది. తొడుక్కున్న చొక్కాకే తుడిచి చూశాడు. ఆ మరలు తను తిప్పినవి, ఎక్కడున్నా గుర్తుపడతాడు. పోయినవారం మామగారు నాచు తీస్తానని కర్రతో కొలను అడుగంతా కెలికారు. అడుగున పడి ఉన్న కాడ అప్పుడు పైకి లేచినట్టుంది. రోజూ చుట్టు తిరిగే ఇన్‌స్పెక్టరు దానికే గుద్దుకుంది.

మామగారు ఆ ఫ్రేమును చూసి ఓ క్షణం తడబడ్డారు, వెంటనే తేరుకున్నారు. "చూశావా, ఇక్కడ పడేశావన్నమాట" అన్నారు, గేటు దగ్గరివాళ్లకు కూడా వినిపించేలా.

అల్లుడు నోరు తెరిచాడు. అంతలో గొడుగు కిందనుంచి అత్తగారి గొంతు వినిపించింది, ఎప్పటిలాగే మర్యాదగా.

"ఆ గీత లోపలికి ఇవాళ్టి దాకా ఎవరండీ వెళ్లింది?"

మామగారు గీత వంక చూశారు. గీత అరచేతి వెడల్పున, పసుపుపచ్చగా, ఎక్కడా చెరగకుండా ఉంది. వానకు వెలిసినప్పుడల్లా స్వయంగా రంగు వేసుకున్న గీత. మేత వెయ్యడానికి వంగినప్పుడల్లా తన జేబులోంచి ఏదో ఒకటి జారుతూ ఉంటుందని ఆయనకు తెలుసు. పోయిన నెల పెన్ను కూడా అలాగే పడింది. గేటు దగ్గర ఖాళీ బకెట్లతో నిలబడ్డవాళ్లందరికీ ఆ పరిచయ వాక్యం కంఠతా వచ్చు. వాళ్లంతా మామగారి మొహంలోకే చూస్తున్నారు. బురదలో మోకాళ్ల మీద ఉన్న అల్లుడికి లోపల ఏదో పెద్ద బరువు దిగిపోయింది, ఏడుపొచ్చినంత పనైంది. ఏడవలేదు. లేచి నిలబడ్డాడు.

మామగారు మెల్లగా టబ్బు దగ్గరకు వెళ్లి వంగారు. గొడుగు నీడలో ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా మొప్పలాడిస్తోంది. "ఉప్పు ఎంత వేశావు?" అన్నారు. అల్లుడు చెప్పాడు. "నీళ్లు మళ్లీ ఎప్పుడు మార్చాలి?" అన్నారు. అదీ చెప్పాడు. సర్వేయరు ఇంకొకరి కొలతను సరిచూడకుండా ఒప్పుకోవడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

వాల్వు సాయంత్రానికి తెరిచారు. బిరడా కొత్తది వచ్చింది. మర్నాడు మామగారు షాపుకు నడిచి వెళ్లి, ఎవరూ అడక్కుండానే, యజమాని ముందు జరిగిందంతా చెప్పి వచ్చారు. బీరువా తాళంచెవి ఆ మధ్యాహ్నమే అల్లుడి బల్ల మీదకు చేరింది. ఇన్‌స్పెక్టరు కన్ను రోజురోజుకీ లోపలికి పోయి, మళ్లీ మామూలు కన్నయింది. అది కొలనులోకి తిరిగి వెళ్లిన రోజు పొద్దున్న గట్టు వెంబడే చుట్టు తిరగడం చూసి మామగారు పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం చుట్టాలొచ్చారు. మామగారు అలవాటుగా మొదలుపెట్టి, "మా అల్లుడు కళ్లద్దాల షాపులోనే పనిచేస్తాడు" అని ఆగిపోయారు. గొంతు సవరించుకుని, "చేపల కళ్లు కూడా చూస్తాడు" అని ముగించారు. ఆ తరువాత తన కొత్త కళ్లద్దాలు తీసి, అందరూ చూస్తుండగా, పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్న అల్లుడి చేతిలో పెట్టారు.

"కాస్త తుడిచిపెట్టు అల్లుడూ."

అల్లుడు తీరిగ్గా తుడిచాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు, మళ్లీ తుడిచాడు, మామగారికి తిరిగి ఇచ్చేముందు అత్తగారిని సాక్ష్యానికి పిలిచాడు.