రబ్బరు నేల మీద పాలపొంగు

వల్లూరులో ఇక రబ్బరు శకం మొదలైందని మా బావ జయరామప్ప ప్రకటించాడు. ఆ పూట వినడానికి అరుగు మీద ఉన్నది నేనూ, మా అక్క నల్లమ్మా మాత్రమే. గొంతు మాత్రం బహిరంగ సభకు సరిపోయేలా ఉంది.

బుడ్డలు, అదే వేరుశనగ, పండే చేను సోలార్ పార్కుకు లీజుకిచ్చాక బావకు తీరిక పెరిగింది, దాంతోపాటే హోదా కూడా. ట్రాక్టరు అమ్మి కారు కొన్నాడు. కారుకు గరాజు కట్టి, అందులోనే ఒక పక్క వర్క్‌షాపు, ఇంకో పక్క జిమ్ పెట్టాడు. స్పానర్లు సైజులవారీగా గోడకెక్కాయి. ఇక రబ్బరు నేలే తక్కువ.

నిజానికి ఆ నేల అవసరం నా మేనకోడలు మంజుశ్రీది. కాలేజీ తరఫున వెయిట్‌లిఫ్టింగ్ చేస్తుంది. తుమకూరులో జిల్లా ఎంపిక పోటీలు దగ్గరపడ్డాయి. పెరట్లో బండల మీద గోనెసంచులు పరుచుకుని సాధన చేస్తుంటే, ఒకసారి సంచి జారి మోకాలు వాచింది. ఎత్తిన బరువు కిందికి వదిలేసే వీలులేక భయంభయంగా దించుకునేది. ఆ పిల్లను చూస్తే జాలేసేది, బావను చూస్తే ఒళ్ళు మండేది.

నేల ఎంచడానికి నన్నూ వెంటబెట్టుకుని పావగడ వెళ్ళాడు. అంగడతను రబ్బరు పలకలు వరసగా పేర్చి, నూనె కారుతుందా, బరువులు పడతాయా అని ఓపిగ్గా అడిగాడు.

"ఏమీ పడదప్పా. వచ్చినోళ్ళు చూస్తారు, అంతే" అన్నాడు బావ.

ఎదురింటి లింగప్ప వేయించిన గ్రానైటు కన్నా మందంగా ఉండాలన్నదొక్కటే ఆయన షరతు. అలా అంగట్లోకెల్లా మందమైనది, నీలి చుక్కలది, ఎంపికైంది.

పరిచిన రోజు నుంచే గరాజులో శాసనాలు అమల్లోకి వచ్చాయి. నూనె చుక్క పడకూడదు కనుక స్కూటరు మరమ్మతు వీధిలో. టైరు గుర్తులు పడతాయి కనుక కారు వేపచెట్టు కింద. గుంటలు పడతాయి కనుక మంజుశ్రీ మళ్ళీ పెరట్లో. ఆ జిమ్‌లో చేయదగ్గ వ్యాయామం, నిలబడి మెచ్చుకోవడం ఒక్కటే మిగిలింది.

అంతటి గదికి ప్రవేశం చేయకపోతే ఎలా? పంచాయతీవాళ్ళూ, సోలార్ సూపర్‌వైజరూ, లింగప్పా అందరూ వచ్చారు. ఆడపిల్లల ఆరోగ్యం గురించి బావ ఉపన్యాసమిచ్చాడు. మంజుశ్రీ గడప అవతల నిలబడి వింది. తర్వాత అందరికీ కనబడాలని గది నట్టనడుమ ఇటుకలు పెట్టి, పిడకలు రాజేసి, పాలగిన్నె ఎక్కించారు. కొత్త గదిలో పాలు పొంగించడం తరతరాలుగా ఉన్నదే కదా, కింద రబ్బరుందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. పాలకంటే ముందు నేల పొంగింది! నల్లటి పొగకు పురోహితుడు మంత్రం ఆపి దగ్గందుకున్నాడు. పెద్దమనుషులంతా ఎవరి చెప్పులో తొడుక్కుని పరిగెత్తారు. లింగప్ప మాత్రం చివరిదాకా తృప్తిగా ఉండిపోయాడు.

పొగ తేరాక చూస్తే నడుమ పళ్ళెమంత మచ్చ. బావకు రెండుపూటలు అన్నం సయించలేదు. ఆ తర్వాత కూతుర్ని పిలిచాడు.

"ఎట్లాగూ చెడిపోయింది గదమ్మా. ఇంక నువ్వు ఎత్తుకో పో."

ఆ సాయంత్రమే మంజుశ్రీ బరువు తలపైకెత్తి, మొదటిసారి భయం లేకుండా చేతుల్లోంచి కిందికి వదిలేసింది. నేల మీద గీతైనా పడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి.

తుమకూరులో ఎంపికైంది కూడా. పేపరు విలేకరి కెమెరాతో వచ్చాడు. బావ కొత్త పంచె కట్టి, మచ్చ కనబడకుండా రెండు కాళ్ళూ దానిమీదే మోపి నిలబడ్డాడు. ఈ నేల మొదటినుంచీ బిడ్డ కోసమే ఏరి కోరి వేయించినానని చెప్పాడు. విలేకరి శ్రద్ధగా రాసుకున్నాడు. పక్కనే మంజుశ్రీ బరువెత్తి తలపైన నిలిపింది.

"నాయనా, పక్కకు జరుగు. ఆడనే దించాల" అంది.

బావ ఒక్క గెంతు గెంతాడు. కెమెరా అప్పుడే క్లిక్కుమంది.

మర్నాడు ఫోటో అచ్చయింది. నడుమ మంజుశ్రీ, ఆమె ముందు నల్లటి మచ్చ, అంచున బావ పంచె కొంగు. ప్రవేశానికి వచ్చినవాళ్ళందరూ ఆ మచ్చను గుర్తుపట్టారు.