గుండ్రాయికి బీపీ

బస్సు డిపోలో నన్ను గుండ్రాయి అంటారు. వెక్కిరింపనుకునేరు, బిరుదది. ఎదురుగా లారీ దూసుకొచ్చినా నా మొహంలో గీత కదలదు. సర్వీసంతా "ఎలా ఉన్నావు" అని ఎవరడిగినా "భేషుగ్గా" అన్నానే తప్ప ఇంకో మాట ఎరగను.

మా ఆవిడే నమ్మదు. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానట, మెట్లెక్కితే రొప్పుతున్నానట. పై సోమవారం డ్రైవర్లకు ఆరోగ్య పరీక్ష. అందులో తప్పితే బస్సు దింపేసి టికెట్ల గదిలో కూర్చోబెడతారు. ముందే డాక్టరు దగ్గరికెళ్ళమని ఒకటే పోరు పెట్టింది.

ఆవిడ నోరు మూయించాలని నేనే ఓ బీపీ మిషను కొనుక్కొచ్చాను. దర్జాగా కూర్చుని చేతికి పట్టీ చుట్టుకున్నాను. మిషను ఎర్రదీపం వెలిగించి కీచుమంది.

కొత్త మిషను కదా, తడబడుతోందన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"మా తమ్ముడు పిల్లాజెల్లాతో వస్తున్నాడు. నెల్లాళ్ళుంటాడు."

"ఉండనీ. నాకేం ఇబ్బంది?"

కీచుమంది.

"మీ దగ్గర బండి నేర్చుకున్నవాణ్ణి మీకు సూపర్‌వైజర్ని చేశారు. బాధ లేదూ?"

"వాడు బాగుపడితే నాకంతకన్నా ఏం కావాలి?"

ఈసారి పక్కింటి కుక్క కూడా శ్రుతి కలిపింది.

ఇక మా ఇంట్లో ఆ మిషనుదే పెత్తనం. కూర బాగుందని చెప్పాలన్నా చెయ్యి చాపాల్సి వచ్చింది. సంగతి తెలిసి పక్కింటావిడ వాళ్ళాయన కోసం అరువు పట్టుకెళ్ళింది. సాయంత్రం దాకా ఆ ఇంట్లోంచి కీచులే. ఆయన నాతో మాటలు మానేశాడు.

ఆదివారం నాటికీ ఎర్రదీపం ఆరలేదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి ఉన్నమాట చెప్పి చూడండి. నేనేగా వినేది."

చేతికి పట్టీ చుట్టుకున్నాను. చివరికి, "భయంగా ఉందే," అన్నాను. "స్టీరింగ్ పోతే నేనెందుకూ పనికిరాను."

ఎర్రదీపం అలాగే ఉంది గానీ, అంకె కాస్త దిగింది. కీచుమనలేదు. నాకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు ఆరోగ్య పరీక్షలో డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే మొదటిసారి భేషుగ్గా అనలేదు. రొప్పు, పళ్ళు, బావమరిది, అన్నీ చెప్పేశాను. ఆయన మాత్రలు రాసి, నెల్లాళ్ళు సెలవు తీసుకోమన్నాడు. బీపీ తగ్గాక స్టీరింగ్ నాదేనన్నాడు.

గెలిచినవాడిలా ఇంటికొచ్చి, ఈసారి మా ఆవిడ చేతికే పట్టీ చుట్టాను. నెల్లాళ్ళూ పొద్దస్తమానం ఇంట్లో నీ కళ్ళెదుటే ఉంటానని చెప్పాను.

"అంతకన్నా సంతోషం ఏముంటుందండీ," అంది.

మిషను గొంతు చించుకుంది.

ఆవిడ మొహంలో గీత కదిలితే ఒట్టు. తాపీగా పట్టీ విప్పి నా చేతిలో పెట్టింది.

"కొత్త మిషను కదా, తడబడుతోంది," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళూ బిరుదు మోసింది నేను. అసలు గుండ్రాయి మా ఇంట్లోనే ఉందని తెలిశాక నా ఛాతీ ఎంత ఉప్పొంగిందో చెప్పలేను. ఆ అంకె మాత్రం మిషనుకు అందదు.